కప్పకు కన్యాదానం చేసిన అయివారు

ఉలిగప్ప అయివారికి ఆమ్లజని తెలుసు, కప్ప తెలియదు. ఇది నేను చేస్తున్న నింద కాదు. హిందూపురంలో బెల్లం మండీ ముందర నిలబడి, మీసం మీద వాలిన ఈగను తోలుకుంటూ ఆయనే నాతో అన్న మాట. "ఆమ్లజని ఎట్లుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తానప్పా. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కప్పకు ఈ మూడూ ఉండాయి. ఆడ చిక్కినాను నేను."

ఆయన పుట్టింది ధర్మవరం మగ్గాల వీధిలో. వాళ్ల నాయన పట్టుచీరలు నేసేవాడు. పిల్లవాడికి కాస్త బుద్ధి తెలియగానే మగ్గం గుంతలో కూర్చోబెట్టారు గానీ, ఆ చేతులకు ఆ విద్య అంటలేదు. ఉలిగప్ప నేసిన చీరకు ఒక అంచు బెత్తెడు వస్తే రెండో అంచు బొటనవేలంత వచ్చేది. అది కట్టుకున్న మనిషి ఎడమవైపు పెండ్లికీ కుడివైపు దినాలకూ పోతున్నట్టుంటుందని వీధి వీధంతా నవ్వింది. చివరకు వాళ్ల నాయన, "వీనికి చదువు చెప్పిస్తాం లే, దాంట్లో పట్టు చెడేది లేదు" అని బడికి తోలాడు.

మన దేశంలో సగంమంది పంతుళ్లు ఇట్లాగే తయారయ్యారని నా అనుమానం. కాడికి రాని ఎద్దును గానుగకు కట్టినట్టు, దేనికీ రానివాడిని బడికి కట్టేస్తారు. నేను తిరిగిన ఊళ్లలో ఒకచోట కుస్తీలో ఓడినవాడు లెక్కలు చెప్పేవాడు. ఇంకొకచోట నాటకాల కంపెనీలో గొంతు పోగొట్టుకున్నవాడు సంగీతం చెప్పేవాడు. పిల్లలు మాత్రం అన్ని చోట్లా ఒకే రకం. ఎవరు చెప్పినా వాళ్లకు రాదు, ఎవరూ చెప్పకపోతే వస్తుంది. సరే, మన ఉలిగప్ప దగ్గరికి వద్దాం.

ఎనిమిదో తరగతి గట్టెక్కి ఆయన పెనుకొండ చుట్టుపక్కల ఒక ట్రైనింగు బడిలో చేరాడు. అక్కడ సైన్సు సామాను నిండిన అద్దాల బీరువా ఒకటి ఉండేది. దాని తాళంచెవి ఎప్పుడో బావిలో పడింది. అద్దం పగలగొడితే సర్కారు సొత్తును నాశనం చేసినట్టు; తాళం పగలగొట్టినా అంతే. అందుకని సైన్సు పంతులుగారు బీరువా ముందర నిలబడి, బెత్తంతో చూపిస్తూ, ప్రయోగాలన్నీ నోటితోనే జరిపించేవారు. "ఆ రెండో అరలో ఉన్న బుడ్డి తీశామనుకోండి. దీపం వెలిగించామనుకోండి. బుడగలు వచ్చాయనుకోండి." శిష్యులు శ్రద్ధగా అనుకునేవాళ్లు. ఒకనాడు ఒక శిష్యుడు తన బుడ్డి పగిలిందనుకున్నానని చెప్పాడు. పంతులుగారు వాడిని పొద్దు వాలేదాకా ఎండలో నిలబెట్టారు. అనుకున్నదైనా అది సర్కారు బుడ్డే కదా.

"నేను నేర్చుకున్నది సైన్సు కాదు, సైన్సును గురించిన తెలుగు" అనేవాడు ఉలిగప్ప. "తెలుగు బాగా వచ్చేసరికి సైన్సు కూడా వచ్చిందనుకున్నాను. పిల్లోళ్లకు చెప్పేటప్పుడు గదా తెలిసేది, సంచి బరువుగా ఉండాది గానీ లోపల ఉండేది ఇంకో సంచి అని."

పాఠానికి అయిదు మెట్లుంటాయని కూడా అక్కడే నేర్పారు. పిల్లలను సిద్ధం చేయడం, వస్తువును చూపించడం, ఇంకొక వస్తువుతో పోల్చడం, సూత్రం తీయడం, ఆ సూత్రాన్ని వాడి చూపడం. ఒక మెట్టు తప్పినా పాఠం పాఠం కాదు. తిరుమల కొండను మోకాళ్ల మీద ఎక్కినవాళ్లను నేను చూశాను. ఈ అయిదు మెట్లూ ఎక్కిన అయివారిని మాత్రం అంతవరకు చూడలేదు.

ఉద్యోగం వచ్చింది. రొద్దం దాటి, పెన్న ఇసక దాటి పోతే ఒక పల్లె. పేరు చెప్పను, ఆ పెండ్లి మాట ఎత్తితే ఆ ఊరివాళ్లు ఇప్పటికీ కర్ర తీసుకుంటారు. అక్కడ బోర్డు వాళ్ల ఒంటి అయివారి బడి. బడి వెనక గదిలోనే ఉలిగప్ప, భార్య అంజినమ్మ కాపురం. బడి అరుగు మీద నాలాంటి దేశద్రిమ్మరులు ఎవరైనా పడుకోవచ్చు. జర్మనీవాడి యుద్ధం జరుగుతున్న రోజుల్లో, కాలు కుదురు లేక తిరుగుతూ, నేను ఆ అరుగు మీద కొన్నాళ్లు మకాం పెట్టాను.

అంతకు ముందే ఉలిగప్పకు ఒక దెబ్బ తగిలి ఉంది. మొదటి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారి ఎదుట ఆయన తిమింగలం మీద పాఠం చెప్పాడు. పెన్నలో చేపపిల్ల కూడా లేని ఊళ్లో తిమింగలం! "వస్తువేదయ్యా, వస్తువు చూపించకుండా పాఠమేమిటి?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఆయన కోస్తా మనిషి, ప్రతి మాటనూ కొలిచి కత్తిరించేవారు. ఉలిగప్ప కిటికీలోంచి బయట కట్టేసి ఉన్న ఎనుమును చూపించాడు.

"పిల్లలారా, ఆ ఎనుముకు కాళ్లు లేవనుకోండి. కొమ్ములు లేవనుకోండి. చుట్టూ సముద్రం ఉందనుకోండి."

"మాస్టారూ," అన్నారట ఇన్‌స్పెక్టరుగారు లేచి నిలబడి, "మీకు ఉద్యోగం లేదనుకోండి."

తర్వాత కాస్త చల్లబడి ఒక్క అవకాశం ఇచ్చారు. వేసవి దాటాక మళ్లీ వస్తారు. కప్ప మీద పాఠం చెప్పాలి. కప్ప ఎదురుగా ఉండాలి, ప్రాణంతో ఉండాలి, అయిదు మెట్లూ ఉండాలి. అప్పుడు ఉద్యోగం ఖాయం. లేకపోతే ఉలిగప్ప ధర్మవరం వెళ్లి బావమరిది మగ్గం గుంతలో దిగవలసిందే. ఆ బావమరిది ఉలిగప్ప నేసిన చీర ఒకదాన్ని నవ్వుకోవడానికని దండెం మీద దాచిపెట్టుకున్న మనిషి.

వేసవి దాటింది గానీ వాన రాలేదు. చెరువు పగుళ్లిచ్చింది. చెలమలు తవ్వి చెంబు చెంబు తోడుకునే రోజులు. అంతకు ముందు వద్దన్నా కాళ్ల కింద పడే కప్ప ఒక్కటి కూడా కనబడదు. అయివారు పంచె ఎగకట్టి ఊరి దిగుడు బావులన్నీ దిగాడు. పైనుంచి జనం తొంగిచూసి, "యాడన్నా చిక్కెనా అయివారూ?" అని అడిగేవాళ్లు. చివరకు ఒక బావి అడుగున, బురదలో సగం కూరుకుపోయిన బోదురుకప్ప ఒకటి దొరికింది. దాన్ని తలపాగాలో చుట్టుకుని, దేవుడి విగ్రహాన్ని తెచ్చినట్టు తెచ్చి, ఇంట్లో బానలో పెట్టాడు.

అప్పటినుంచి ఆయనకు కప్పే లోకం. నేను అరుగు మీద చుట్ట కాల్చుకుంటుంటే వచ్చి చెప్పేవాడు. "ఇది నోటితో నీళ్లు తాగదప్పా, చర్మంతోనే తాగుతాది. పురుగును మింగేటప్పుడు కండ్లు మూసుకుంటాది, సూసినావా? ఇదంతా పుస్తకంలో లేదు." పుస్తకంలో లేనిది తాను చూశానని ఒక మనిషి అంత సంబరపడడం నేను మళ్లీ చూడలేదు. దినమూ కప్ప మీద చెంబెడు నీళ్లు పోసేవాడు. అంజినమ్మ సణిగేది. "మొగునికి తానం లేదు, కప్పకు దినామూ తలంటి."

ఆ నీళ్లు తగిలి తగిలి కప్ప రంగు మారింది. మట్టి రంగు పోయి ఒళ్లంతా పచ్చగా, పసుపు ముద్దలాగా తేలింది. అక్కడ మొదలయింది ముప్పు.

వానలు తప్పినప్పుడు ఆ ప్రాంతంలో కప్పను రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిప్పుతారు. ఇంటివాళ్లు దాని మీద నీళ్లు పోస్తారు. దానికీ వాన కరగకపోతే కప్పలకు పెండ్లి చేస్తారు. ఆ ఏడు ఊరి మునసబు హనుమంతరాయుడి బావిలో ఒక కప్ప దొరికింది. మట్టి రంగుది, బొద్దుది, కడుపు గంపంతది. "మా వంశం కడుపే" అని మునసబు దాన్ని వరుడిగా తన తరఫున నిలబెట్టాడు. వధువు కోసం వెతుకుతుండగా ఈరక్క కంట మన కప్ప పడింది. ఈరక్క మనిషి చిన్నది, గొంతు పెద్దది. ఊళ్లో పెండ్లిపాట అయినా శోకమైనా ఆమె ఎత్తుకోవలసిందే. ఆమె పది మంది ఆడవాళ్లను వెంటేసుకుని, పళ్లెంలో ఆకూ వక్కా పెట్టుకుని, అయివారి గడప ముందు నిలబడింది.

"అంజినమ్మా, మీ ఇంట్లో పెండ్లీడు పిల్ల ఉండాదంట గదా. అడిగిపోదామని వచ్చినాము."

అంజినమ్మకు పిల్లలు లేరు. ఆ గడపకు అట్లాంటి పళ్లెం రావడం అదే మొదలు. ఆమె చేయి తుడుచుకుని పళ్లెం అందుకునేదాకా ఉలిగప్పకు విషయం అర్థం కాలేదు.

"అక్కా, అది బడి కప్ప. ఇన్‌స్పెక్టరుకు చూపించేది. ఉద్యోగం దాని మీదే ఉండాది" అన్నాడు.

"చూపించప్పా, ఎవరొద్దన్నారు? పెండ్లికూతుర్ని పదిమంది సూస్తే తప్పా?"

"అది ఆడదో మగదో కూడా నాకింకా తెలీదు."

ఈరక్క బానలోకి వంగి చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఏమప్పా, ఇంత సదివినావు! మొగోడు యాడన్నా ఒళ్లంతా పసుపు పూసుకుంటాడా?"

మాట ఖాయమైంది. ఇన్‌స్పెక్టరుగారు పొద్దున వస్తారు, పాఠం అయిపోతుంది. పొద్దు వాలాక ముహూర్తం. ఒకే రోజు, ఒకే కప్ప, రెండు పనులు. అందరికీ బాగానే ఉంది.

ఆ వచ్చిన ఆదివారం అంజినమ్మ కప్ప మీద నీళ్లు పోయగానే, దాని గొంతుకు రెండు వైపులా నీలంగా రెండు తిత్తులు ఉబ్బాయి. ఇల్లు అదిరేట్టు అరిచింది. అరుగు మీద నా చుట్ట జారి పంచె మీద పడింది.

ఉలిగప్ప బాన మీదికి వంగాడు. "అంజినీ, అరిచేది మగకప్ప. ఇది మగది."

"గమ్మునుండు."

"ఊరంతా పెండ్లికూతురంటాండారు. చెప్పొద్దా?"

"మాట ఇచ్చినాక పిల్లకు మనమే వంక పెడితే ఇంటి మర్యాద ఏం కావాల? పొద్దున పాఠంలో మగది అను. మాపటికి పెండ్లిలో ఆడదిగా ఉంటాది. ఎవరికీ నష్టం లేదు."

"సైన్సు ఒప్పుకోదే."

"సైన్సు వచ్చి ఈరక్కతో మాట్లాడుతుందా?"

చాలా ఏళ్ల తర్వాత ఒక రైలు స్టేషనులో ఎవరో వదిలేసిన పుస్తకంలో చదివాను. బోదురుకప్పల్లో వానాకాలం వస్తే పచ్చబడేది మగదేనట. దినమూ నీళ్లు పోస్తుంటే మన కప్ప వాన వచ్చిందనుకుని సింగారించుకుంది. ఈ దేశంలో మోసపోయింది మనుషులే కాదు.

తనిఖీ రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం రాలేదు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు పొగతో నడుస్తున్న కాలం. ఆ రోజు బస్సు పెనుకొండ ఎక్కుడు దగ్గర ఊపిరి వదిలింది. ప్రయాణికులందరూ దిగి తోశారు. ఇన్‌స్పెక్టరుగారు కూడా తోశారట. ఆయన తోస్తుంటే పక్కనున్న గొర్రెల కాపరి "ఇంకా గట్టిగా తొయ్ సామీ" అన్నాడని తర్వాత కోపంగా చెప్పారు. ఇక్కడ బడిలో ఉలిగప్ప దారి చూస్తూ తిరుగుతూనే ఉన్నాడు. పొద్దు వాలింది. డప్పులు మోగాయి. పెండ్లివాళ్లు వచ్చి బానను ఎత్తుకుపోయారు. బాన వెంట పిల్లలు, పిల్లల వెంట అయివారు.

మునసబు ఇంటి ముందర పందిరి. ఉలిగప్ప ఆడపెండ్లివాడు కాబట్టి మగపెండ్లివాడి కాళ్లు కడగాలి. నీళ్ల కరువు కదా, అర చెంబుతోనే కడిగాడు.

"ఏమప్పా అయివారూ," అన్నాడు మునసబు కాలు చూసుకుంటూ, "కాలు తడిసిందా? లేకుంటే తడిసిందనుకోవాల్నా?"

పందిరి గొల్లుమంది. ఊళ్లో పిల్లలందరి ద్వారా ఆ 'అనుకోండి' ఇంటింటికీ చేరిపోయి ఉంది. మునసబు అంతటితో ఆగలేదు. చాప చినిగిందన్నాడు. ఆకులు వాడాయన్నాడు. "మజ్జిగలో అన్నీ నీళ్లే" అన్నాడు.

"అన్ని నీళ్లుంటే ఈ పెండ్లే అక్కరలేదు గదప్పా" అంది అంజినమ్మ.

ఆమె పుట్టింటినుంచి తెప్పించిన ఎర్ర పట్టు అంచు ముక్కను కప్ప మీద కప్పబోయింది. "దానికి ఊపిరి ఆడదే, చర్మంతో కూడా గాలి పీల్చుకుంటాది" అని ఉలిగప్ప అడ్డం పడ్డాడు.

"ధర్మవరం చీర కట్టుకుని ఊపిరాడక సచ్చిన పెండ్లికూతురు యాడన్నా ఉండాదా?" అని ఆమె కప్పేసింది.

సరిగ్గా అప్పుడు పందిట్లోకి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ముఖమంతా బొగ్గు, బూట్ల నిండా పెన్న ఇసక. పిల్లలు ఆయన్ను పగటివేషగాడనుకుని చప్పట్లు కొట్టారు.

"మాస్టారూ, బడిలో ఒక్కడూ లేడు. కప్ప ఏది?"

"పెండ్లి పీటల మీద ఉందండి."

ఇన్‌స్పెక్టరుగారు పందిరి చూశారు, డప్పులు చూశారు, పట్టు కప్పుకున్న కప్పను చూశారు. ఇంకొకరైతే వెనక్కి తిరిగిపోయేవారు. ఈయనకు పని అంటే పని. "కప్ప ఉంది, పిల్లలున్నారు, మీరున్నారు. పాఠం మొదలుపెట్టండి" అని ఒక పెండ్లి చాప మీద కూర్చున్నారు.

"ముహూర్తం దాటిపోతుంది సామీ" అంది ఈరక్క.

"అయిదు మెట్లమ్మా. ఎంతసేపు?"

ఉలిగప్ప కండువా సర్దుకున్నాడు. "పిల్లలారా, మనము ఇక్కడికి ఎందుకు వచ్చినాము?"

"పెండ్లికి!" అన్నారు అందరూ.

"పిల్లలు సిద్ధంగా ఉన్నారు" అని తల ఊపారు ఇన్‌స్పెక్టరుగారు. "రెండో మెట్టు."

పట్టు ముక్క తొలగించి ఉలిగప్ప కప్పను చూపించాడు. ముందు కాళ్లు పొట్టి, వెనక కాళ్లు పొడుగు. "వెనక కాళ్లు పొడుగు ఎందుకు?"

"అత్తగారింటికి ఎగిరిపోయేదానికి!"

మూడో మెట్టు పోలిక. ఇంకొక వస్తువు కావాలి. పక్కనే రెండో పీట మీద వరుడున్నాడు. వేరే ఏ బడిలోనూ ఇంత సులువుగా పోలిక దొరికి ఉండదు. ఇన్‌స్పెక్టరుగారికి హుషారు వచ్చి తానే పిల్లలను అడిగారు. "కప్పల్లో మగదాన్ని ఎట్లా గుర్తుపట్టాలి?"

పిల్లలు వేసవి నుంచి వల్లెవేసిన మాటను పందిరి ఎగిరిపోయేట్టు అందుకున్నారు. "అరిచేది మగకప్ప! అరవనిది ఆడకప్ప!"

ముహూర్తం దాటిపోతోందని విసుగెత్తిన ఈరక్క అదే సమయానికి పెండ్లికూతురి మీద మంగళస్నానం నీళ్లు కుమ్మరించింది. పెండ్లికూతురు నీలం తిత్తులు ఉబ్బించి, డప్పు కన్నా గట్టిగా అరిచింది. ఒకసారి కాదు, ఆగకుండా.

డప్పులు ఆగిపోయాయి. అందరూ కప్పను చూశారు. తర్వాత అందరూ అయివారిని చూశారు.

"ఏమి మాస్టారూ?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "ఇది ఏది?"

అంజినమ్మ కనుసైగ చేస్తూనే ఉంది. ఆడది అంటే పిల్లల ముందు, పైవాడి ముందు ఆయన చెప్పిన పాఠం అబద్ధం. మగది అంటే ఊరి వాన పోతుంది, మునసబు కర్ర లేస్తుంది. ఉలిగప్ప చెమట తుడుచుకున్నాడు.

"మగదండి. ఆదివారం నుంచి నాకు తెలుసు."

"నా కొడుక్కు మొగోన్ని కట్టబెడతావా!" అని మునసబు లేచాడు. "వాన దేవుని ఎదుట మోసమా? బడి పెట్టుకుని ఇదేనా నువ్వు నేర్పేది?"

ఈరక్క ఇద్దరి మధ్యకు వచ్చింది. "ఉండప్పా మునసబూ. పచ్చంగా ఉండేది మొగోడైతే, మరి నీ కొడుకు మొగోడే అని ఎవరు సూసినారు? అది ఇంతవరకూ నోరు తెరవలేదు."

"మావాడు సిగ్గుపడతాండాడు."

"సిగ్గుపడేది ఎవరప్పా, పెండ్లికూతురే గదా!"

ఈసారి నవ్వు మునసబు మీద పడింది. మునసబు పౌరుషంతో, "అయితే అరిపించి సూడు అయివారూ!" అని వరుడి పీట ముందుకు తోశాడు.

ఉలిగప్ప ముందు పచ్చ కప్పను తీసుకుని, ముందు కాళ్ల వెనక రెండు వేళ్లతో మెల్లగా పట్టుకున్నాడు. అది బెక్కుమంది. తర్వాత మునసబు కప్పను అందుకున్నాడు. పందిరంతా మెడలు సాచింది.

"ఏం ఫలితం రావాలి?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"తెలియదండి."

"తెలియకుండా ప్రయోగమేమిటి?"

"తెలియదు కాబట్టే చూస్తున్నానండి."

హిందూపురంలో ఆ రోజు గురించి చెబుతూ ఉలిగప్ప ఈ చోట జేబు తడుముకున్నాడు. "అప్పా, అన్నేండ్లు నేను పిల్లోళ్లను అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు నా జేబులో ఉండేది. ఆ పొద్దు జేబు ఖాళీ. భయమేసింది. బాగుండింది కూడా."

పట్టుకున్నాడు. అది అరవలేదు. మళ్లీ పట్టుకున్నాడు. నీళ్లు పోశారు, డప్పు కొట్టారు, మునసబు దాని చెవి దగ్గర "రేయ్, మన పరువు తియ్యొద్దురా" అని బతిమాలాడు. అది కళ్లు మూసుకుంది.

"తేలిపోయింది" అంది ఈరక్క. "పచ్చది పెండ్లికొడుకు, బొద్దుది పెండ్లికూతురు. పీటలు మార్చండి. ముహూర్తం ఇంకా ఉండాది."

పీటలు మారితే మర్యాదలు కూడా మారాలి. అంజినమ్మ అప్పటికే మగపెండ్లివాళ్ల చాప మీదికి చేరి, కాళ్లు సాచి, మజ్జిగ తెమ్మంది. తెచ్చిన మజ్జిగ రుచి చూసి, "అన్నీ నీళ్లే" అంది. మునసబు హనుమంతరాయుడు పళ్లు కొరుకుతూ వచ్చి అయివారి కాళ్ల ముందు చెంబుతో కూర్చున్నాడు. ఉలిగప్పకే సిగ్గేసి, "తడిసినాయి లే అప్పా, పొయ్యకుండానే తడిసినాయి" అన్నాడు.

కప్పల పెండ్లి జరిగింది. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం చాప మీదనుంచి కదలలేదు.

"నాలుగో మెట్టు మిగిలింది మాస్టారూ. సూత్రం. అరిచేది మగది, అరవనిది ఆడది. చెప్పండి, ఉద్యోగం ఖాయం చేసి పోతాను."

ఎంత చిన్న మాట! పుస్తకంలో ఉన్నదే, పిల్లలు అరిచినదే, ఊరంతా ఒప్పుకున్నదే. అంజినమ్మ వెనకనుంచి, "చెప్పు, చెప్పు" అంటోంది.

"మొదటి సగం చెప్తానండి" అన్నాడు ఉలిగప్ప. "అరిచింది మగదే. అరవనిది ఎందుకు అరవలేదో నాకు తెలియదు. ఆడది కావచ్చు. జబ్బు మగది కావచ్చు. రెండో సగం చెప్పలేను."

"సూత్రం సగంలో ఆగితే పాఠం సగంలో ఆగినట్టు. సగం పాఠానికి ఉద్యోగం ఇవ్వలేను. మళ్లీ నెలకు వస్తాను. అప్పటికి తేలాలి. తేలకపోతే ఇంక నేను రాను, ఉత్తరం వస్తుంది." ఆయన లేచి ఇసకలో నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఎవరో ఆయన చేతిలో తాంబూలం కూడా పెట్టారు.

అయివారి ఉద్యోగం ఇప్పుడు మునసబు కప్ప కడుపులో ఉంది. కానీ పెండ్లయిన కప్పలను విడదీయకూడదు. ఎవరింట్లో ఉండాలి? ఆ సీమలో మగపిల్లలు లేని ఆస్తిపరులు అల్లుణ్ణి ఇల్లటం తెచ్చుకుంటారు. అల్లుడు మామగారింట్లోనే ఉండి సేద్యం చూసుకుంటాడు. బాన ఒక్కటే ఉన్న అయివారింటికి బిడ్డను ఎట్లా పంపేదని మునసబు పట్టుబట్టాడు. "ఇల్లటమే" అన్నాడు. తన ఇంటి వెనక స్నానాల రాతి తొట్టిలో ఉన్న కాసిని నీళ్లూ వాళ్లకే వదిలేసి, నలుగురు కూర్చునే చోట "మా అల్లుడు" అనడం మొదలుపెట్టాడు. ఓడిపోయినవాడు ఆ ఓటమినే ఘనంగా చెప్పుకోవడం నేను రాజుల కథల్లో చదివాను. మునసబులో కళ్లారా చూశాను.

ఉలిగప్ప దినమూ పొద్దునా మాపూ వెళ్లి తొట్టి పక్కన కూర్చునేవాడు. పిల్లలూ అక్కడే. పచ్చ కప్ప అరిచేది. బొద్దు కప్ప మూతి కదిపేది కాదు. నెల దగ్గరపడుతోంది. అంజినమ్మ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ధర్మవరంలో బావమరిది పాత చీర దుమ్ము దులుపుతున్నాడని కబురు కూడా వచ్చింది.

అంతలో వాన వచ్చింది. మా పల్లె మీద కాదు. పెన్నకు అవతలి ఒడ్డున కురిసి, ఇవతలికి ఉరుములు, తడి గాలి మాత్రం పంపింది. "పీటలు మార్చినప్పుడు దిక్కు కూడా మారిపోయుంటాది" అంది ఈరక్క. ఆ మర్నాడు పొద్దున మునసబు చెంబు పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్లి కేక పెట్టాడు. నీళ్ల మీద సగ్గుబియ్యం జావ ఒలికినట్టు తెల్లగా, నల్ల చుక్కలతో, తెట్టెలు తెట్టెలుగా గుడ్లు. బొద్దు కప్ప కడుపు చదునై ఉంది.

ఇన్‌స్పెక్టరుగారు చెప్పిన నాటికి వచ్చారు. తరగతి మునసబు ఇంటి స్నానాల దొడ్లో జరిగింది. గుడ్లు అప్పటికి తోకపిల్లలై తొట్టి నిండా నల్లగా కదులుతున్నాయి.

"ఇప్పుడు చెప్పండి సూత్రం" అన్నారాయన.

"అరిచింది మగదండి. ఈ అరవనిది గుడ్లు పెట్టింది కాబట్టి ఇది ఆడదండి. లోకంలో తక్కిన అరవని కప్పల సంగతి ఇంకా తెలియదండి."

"అంటే సూత్రం ఈ తొట్టి వరకే?"

"ఈ తొట్టి వరకు గట్టిగా చెప్తానండి."

ఇన్‌స్పెక్టరుగారు చాలాసేపు తొట్టిలోకి చూశారు. తినడం మరిచిపోయిన మనిషికి ఆకలి గుర్తొచ్చినట్టు, ఆ ముఖంలో ఏదో కదిలింది. ఒక తోకపిల్లను దోసిట్లోకి తీసుకున్నారు. "వీటిలో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని?" అని అడిగారు. తనకూ తెలియకే అడిగినట్టుంది.

"తెలియదండి" అన్నారు పిల్లలందరూ ఒక్కసారిగా, ఎంతో గర్వంగా.

మునసబు చేతులు జోడించాడు. "అన్నీ ఆడబిడ్డలైతే నా గతేంది సామీ? ఇన్ని పెండ్లిండ్లు యాడ చేసేది?"

ఇన్‌స్పెక్టరుగారు నవ్వారు. నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తోకపిల్లను నీళ్లలోకి వదిలి, "ఉద్యోగం ఖాయం మాస్టారూ. అయిదో మెట్టు మీరు రిటైరయ్యేలోగా ఎక్కండి" అన్నారు. అంజినమ్మ అక్కడికక్కడే వెనక్కి తిరిగి పెట్టె విప్పడానికి పరుగెత్తింది.

ఆయన వెళ్లిపోయాక మునసబు గోక్కుంటూ నిలబడ్డాడు. అల్లుడు తొట్టిలో దిగిన నాటినుంచి ఆ ఇంట్లో ఒక్కరూ స్నానం చేయలేదు.

"అయివారూ, నీ ఉద్యోగం అయిపాయ. నా తొట్టి ఎప్పుడిస్తావు?"

"తోకలు పోవాల. కాళ్లు రావాల. వానొస్తే చెరువులో వదుల్తాము."

"వాన రాకుంటే?"

"తెలీదప్పా."

 మునసబు తువ్వాలు భుజాన వేసుకుని, చెంబు చేతబట్టి, వియ్యంకుడి మర్యాదతో బడి వెనక గదివైపు నడిచాడు. అంజినమ్మ గడపలో అడ్డం నిలబడి, "ఏమప్పా, మా ఇంటికి వచ్చేటోళ్లు నీళ్లు తెచ్చుకుని రావాల" అంటోంది.